కుడికాలి కింద బ్రేకు

మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
వానలకి ముందు

వదినా,

ముందు కూర్చో. కూర్చున్నావా? మా ఇంట్లోకి కుక్క వచ్చింది.

తప్పు నాది కాదు, పళ్ళ డాక్టరమ్మది. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటూ, టెస్టు ఎన్నిసార్లు పోయినా చెక్కుచెదరకుండా మళ్ళీ క్లాసుకొచ్చే ఆవిడ గురించి రాశాను కదా, ఆవిడే. మొన్న ఊరి చివర సెకండ్ గేరు వెయ్యబోయి బండి ఆపేసింది. స్టార్ట్ చేసింది, మళ్ళీ ఆపేసింది. తర్వాత లారీకి ఎదురెళ్ళబోయింది. మాస్టరు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది గనక బతికిపోయాం. ఆ తొక్కుడుకి ఇంజను అలిగి ఇక కదలనంది. దిగి చూస్తే ఎదురుగా కుక్కల షెల్టర్ గేటు. లోపల కుక్కలన్నీ మమ్మల్ని చూసి గోల గోలగా మొరుగుతున్నాయి. ఒక ముసలి కుక్క మాత్రం టెస్టు పెట్టే ఆఫీసరులా కదలకుండా కూర్చుని పాఠమంతా చూస్తోంది.

మెకానిక్ వచ్చేదాకా లోపల కూర్చోమన్నారు. అతను వచ్చేసరికి ఆ కుక్క నా కాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. కాలు తీస్తే లేస్తుందని తియ్యలేదు. మిగతాది నువ్వే ఊహించుకో.

వయసు పదకొండో పన్నెండో అన్నారు. మూతి తెల్లబడింది, వెనకకాళ్ళు బిగుసుకుపోతాయి, ముందుపళ్ళు లేవు. ఇన్ని లక్షణాలున్న మనిషిని 'వాడు' అనడానికి నాకు నోరు రాలేదు. పెద్దాయన అంటున్నాను.

ఒక మెలిక ఉంది. ఇంతకుముందు రెండిళ్ళ వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి తిరిగిచ్చేశారు. రెండు చోట్లా ఒకటే ఫిర్యాదు: మొండి. పిలిస్తే రాడు, ఆగమంటే ఆగడు. అందుకని నాకు ఇంకా పూర్తిగా ఇవ్వలేదు. వానలు తగ్గాక షెల్టర్ ఇన్‌చార్జి ఇంటికొచ్చి, మాకు కుదిరిందా లేదా చూసి అప్పుడు తేలుస్తుందట. కుదరకపోతే వెనక్కి తీసుకెళ్తుంది. "ఈ వయసులో ఇంకోసారి తిరిగొస్తే మళ్ళీ ఎవరికీ ఇవ్వనమ్మా. ఆ గేటు దగ్గరే ఉండిపోవడం" అంది.

వివరాలు ఆదివారం ఫోన్ చేసి చెబుతాను.

నీ మరదలు


కొండమీద, వాతావరణ కేంద్రం
మొదటి వాన పడిన రోజు

మరదలా,

కూర్చునే చదివాను, మంచిదైంది. మేం తెచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టినదానివి. ఒకడి నడక బాగాలేదన్నావు, ఒకడి నవ్వు బాగాలేదన్నావు. చివరికి నడవలేని, పళ్ళు లేని ఆయన్ని గేటు దగ్గర చూసి అక్కడికక్కడే ఒప్పేసుకున్నావా?

నాకు నచ్చలేదని రాస్తున్నాను, గుర్తుపెట్టుకో. నువ్వు పొద్దున వెళ్తే సాయంత్రం వస్తావు. మూడో అంతస్తు. కింద పెద్ద రోడ్డు. ముసలి ప్రాణి అంటే ప్రేమ ఒక్కటే కాదు, తడిపిన రొట్టె, మాత్రలు, తుడుచుకునే గుడ్డ. రెండిళ్ళ వాళ్ళకి లొంగనివాడు నీకు లొంగుతాడా? లొంగకపోతే ఆయన్ని వెనక్కి పంపేటప్పుడు ఏడ్చేది నువ్వు, నీకు ముక్కు తుడవాల్సింది నేను.

ఫోన్ వద్దు. ఇక్కడి ఫోన్ గాలివేగం, వాన కొలత కిందున్న ఆఫీసుకి చెప్పడానికే. పైగా లైన్లో గాలి హోరు తప్ప ఏమీ తెలియదు. రేషన్ జీపు వారం వారం వస్తుంది. ఉత్తరమే రాయి. నీ చేతిరాత చూసి నవ్వుకోవచ్చు.

మీ అన్నయ్య ఎలా ఉన్నారు? తింటున్నారా, తన కళ్ళద్దాల షాపులో టీ తాగి బతికేస్తున్నారా?

వదిన


మూడో అంతస్తు
బట్టలు ఆరని వారం

వదినా,

లొంగారు! పెద్దాయన నా మాట వింటున్నారు!

మొదటి రెండు రోజులూ నిజంగానే మొండి. పిలిస్తే గోడని చూసేవారు. మూడోనాడు మా సందు చివర రోడ్డు దాటేచోట "ఆగు" అన్నాను. టక్కున ఆగారు. పక్కనే స్కూటరు వెళ్ళింది. మర్యాదకి "ఆగండి" అనాల్సింది గానీ, బ్రేకు పడాల్సిన చోట మర్యాదలు కుదరవు. అప్పటినుంచీ ప్రతి మలుపులోనూ అంతే. నేను "ఆగు" అనడం, ఆయన ఆగడం. షెల్టర్ వాళ్ళకి చెబితే నమ్మలేదు.

రహస్యం గొంతులో ఉంది వదినా. ఇన్నేళ్ళు ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన గొంతు. ఆ రెండిళ్ళ వాళ్ళూ బతిమాలి ఉంటారు. బతిమాలితే బస్సు ఆగుతుందా?

మా గచ్చు నున్నన కదా, ఆయన వెనకకాళ్ళు జారిపోతుంటే డ్రైవింగ్ స్కూల్ షెడ్డులో పడున్న పాత కారు మ్యాట్లు తెచ్చి మంచం నుంచి వంటింటిదాకా, అక్కణ్ణుంచి బాల్కనీదాకా, ఇటు వీధి తలుపుదాకా పరిచాను. ఆయన వాటి మీదే నడుస్తారు, పక్కకి అడుగెయ్యరు. నా స్టూడెంట్లకి లేని లేన్ క్రమశిక్షణ. ఆదివారం భోజనానికొచ్చిన అన్నయ్య చూసి, "ఇంట్లో కూడా రోడ్డేశావా? సిగ్నళ్ళు ఎప్పుడు పెడుతున్నావు?" అన్నాడు. అంటూనే రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీలో పెట్టుకున్నాడు. భోజనం అయ్యేదాకా దించలేదు. కుక్కంటే ఆయనకున్న భయం నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా షాపు బుద్ధి పోలేదు. బల్ల అవతల నుంచే టార్చి వేసి పెద్దాయన కళ్ళు చూసి, "ఈ వయసులో ఈ చూపా! అందరూ ఇలా ఉంటే నేను పస్తులే" అన్నాడు.

పగలు నాతోపాటు కారులోనే. వెనక సీటు ఆయనది. పళ్ళ డాక్టరమ్మ ఎప్పుడూ లేనిది క్లచ్చి నెమ్మదిగా వదులుతోంది. "ఆయన జారిపోతారండీ" అంటుంది. మనుషులం కూర్చున్నప్పుడు లేని జాలి.

నీ మరదలు


కొండమీద
మబ్బు దిగని వారం

మరదలా,

నీ గొంతు సంగతి నాకెందుకు చెబుతావు? మా పెళ్ళైన కొత్తలో నువ్వు ఆ గదిలో ఫోన్ మాట్లాడితే ఈ గదిలో నేను సమాధానం చెప్పేదాన్ని. నీ గొంతుకన్నా నీ కాలే నాకు ఎక్కువ గుర్తు. భోజనాల బల్ల దగ్గర మీ అన్నయ్య ఎవరితోనైనా మాట జారబోతే చాలు, కింద నా కాలివేళ్ళు నలిగేవి. ఆయన నోటికి బ్రేకు నా కాలి మీద వేసేదానివి.

ఇక్కడ పనికేం లోటు లేదు. వానమాపకం గంట గంటకీ చూడాల్సి వస్తోంది. పంపకాలు బాగా కుదిరాయి: కొలతలు నేను తీసి రాస్తాను, నా జోడీ అయిన గడ్డం మనిషి వాటిని ఫోన్లో ఆఫీసుకి చదువుతాడు. మంచివాడే గానీ ఆ మీసాలు పెదాల మీదికి పాకి, సూపు తాగితే సగం మీసాలే తాగేస్తాయి. కత్తిరించుకోమని రోజూ పోరుతున్నాను. మా మధ్య ఉన్న తగువు అదొక్కటే.

పెద్దాయన మీద నా కోపం కాస్త తగ్గింది. రోడ్డు దగ్గర ఆగాడంటే తెలివైనవాడే. కానీ ఒక మనిషి మాట వినేవాడు ఇంకో రెండిళ్ళలో ఎందుకు వినలేదో నాకు అర్థం కాలేదు. ఎప్పుడైనా మాట వినకపోతే, ఎక్కడ, ఎలా ఉన్నప్పుడు వినలేదో రాయి. కొలతలు రాసుకునే దాన్ని, నాకు అలవాటు.

వదిన


మూడో అంతస్తు
జ్వరం తగ్గిన మర్నాడు

వదినా,

నీ నోటి మాటో ఏమో, పెద్దాయన మళ్ళీ మొండికేశారు.

జ్వరమొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఆయన నా చెప్పు నోట కరుచుకుని బాల్కనీకి బయల్దేరారు. "ఆగు" అన్నాను. వెళ్ళిపోయారు. అరిచాను. ముక్కుదిబ్బడ గొంతు గనక ఆనవాలు పట్టలేదేమో అని సర్దుకున్నాను. మర్నాడు వంటింటి గట్టు వెనక నిలబడి పిండి కలుపుతూ, చెత్తబుట్టలో మూతి పెట్టబోతుంటే "ఆగు" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, మరీ మూతి పెట్టారు. కారులో అయితే మొదటి నుంచీ అంతే. ముందు సీట్లోంచి ఎంత మొత్తుకున్నా వెనక ఆయన పని ఆయనదే. అన్నయ్య కూడా కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని "ఏయ్, అటు పో" అంటాడు. పోరు. దగ్గరకొచ్చి వాసన చూస్తారు. అన్నయ్య కుర్చీ వీపెక్కుతాడు.

ఇదంతా మామూలుగా అయితే నవ్వుకునేదాన్ని. కానీ షెల్టర్ ఇన్‌చార్జి ఫోన్ చేసింది. "వచ్చినప్పుడు కుక్కని వదిలి, మీ మాట వింటోందో లేదో చూస్తాను" అంది. ఆ రోజు నాకు జ్వరమొస్తే? ఆయన గోడని చూస్తే? కాలు జారకుండా మ్యాట్లు వెయ్యగలను గానీ మనసు మారకుండా ఏం వెయ్యను? రాత్రి పడుకోబోయే ముందు ఇప్పటికీ నా కాలి మీద గడ్డం పెడతారు. ఆ గేటు దగ్గరికి ఈయన్ని మళ్ళీ తీసుకెళ్ళడం నావల్ల కాదు వదినా.

నీ మరదలు


కొండమీద
ఎడతెరిపి లేని వాన

మరదలా,

ఏడవకు. నేను చెప్పినట్టు చెయ్యి.

నువ్వు రాసినవన్నీ వరసగా పెట్టి చూశాను. దుప్పటి కింద ఉన్నప్పుడు వినలేదు. గట్టు వెనక ఉన్నప్పుడు వినలేదు. కారులో ముందు సీట్లో ఉన్నప్పుడు ఎన్నడూ వినలేదు. అన్నిట్లోనూ నీ గొంతు ఉంది. లేనిది ఒక్కటే, నీ కాలు.

ఇన్నేళ్ళు మాస్టరు సీట్లో కూర్చుని, "ఆగు" అన్నప్పుడల్లా కుడికాలు నేలకేసి నొక్కుతావు. సినిమా హాల్లో నొక్కుతావు, లిఫ్టులో నొక్కుతావు. నీకు తెలియదు, నా కాలివేళ్ళకి తెలుసు. పెద్దాయన నీ మాట వినడం లేదు. నీ కాలు చూస్తున్నాడు. కళ్ళు బాగున్నాయని కళ్ళద్దాల ఆయనే చెప్పారు కదా.

ఒక పని చెయ్యి. ఆయన ఎదురుగా నిలబడి, నోరు మూసుకుని (కష్టమే, ప్రయత్నించు) కాలు నొక్కు. తర్వాత కాలు కదపకుండా గట్టిగా కేక వెయ్యి. ఏం జరిగిందో రాయి.

మొండివాడు కాడమ్మా. ఆయనకి వినపడదు.

వదిన


మూడో అంతస్తు
వాన వెలిసిన పొద్దున

వదినా,

కాలు కదపకుండా "ఆగు" అనడం నావల్ల కాలేదు. తొక్కేస్తోంది! చివరికి అన్నయ్య వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా కాళ్ళ మీద దిండు పెట్టి, దిండు మీద తను కూర్చున్నాడు. అప్పుడు అరిచాను. కింది అంతస్తు వాళ్ళు తలుపు తీసి ఏమైందని అడిగారు. పెద్దాయన మ్యాట్ల మీద నడుచుకుంటూ దర్జాగా వెళ్ళిపోయారు. తర్వాత నోరు మూసుకుని కాలు నొక్కాను. ఆగారు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగారు, ఎన్నిసార్లు చెబుతావు అన్నట్టు చూశారు.

అంటే నా గొంతుకి కాదా! అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నవ్వు అక్కడికి అయిపోయింది. డ్రైవింగ్ నేర్పే మైదానంలో నిన్న ఆయన ఎండలో పడుకున్నారు. సామాన్ల వ్యాను ఒకటి హారన్ కొట్టుకుంటూ రివర్స్‌లో ఆయన మీదికొస్తోంది. నేను అవతలి చివర ఉన్నాను. వినపడదని తెలిసీ పిలిచాను, మైదానంలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప. అంత దూరంలో నిలబడి కాలు నొక్కుతూనే ఉన్నాను వదినా. పళ్ళ డాక్టరమ్మ పరిగెత్తి వ్యానుకి అడ్డంగా నిలబడింది. ఆ పూట ఆవిడ ఇక స్టీరింగ్ ముట్టుకోలేదు. సాయంత్రం పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు చెవులూ పూర్తిగా పోయాయి అన్నాడు, చాలాకాలమైందట.

ఇప్పుడు చిక్కు. చెవులు వినపడని కుక్కని నేల మీది ఇల్లు, చుట్టూ గోడ ఉన్నవాళ్ళకే ఇవ్వాలని షెల్టర్ పద్ధతి. మాకు రెండూ లేవు. ఇన్‌చార్జి వచ్చిన రోజు నేను ఎదురుగా నిలబడి "ఆగు" అని కాలు నొక్కితే ఆవిడకి ఏమీ తెలియదు, ఆయన ఇక్కడే ఉంటారు. చెబితే తీసుకెళ్ళిపోవచ్చు.

చెప్పనా, వద్దా?

నీ మరదలు


కొండమీద
మబ్బులో

మరదలా,

చెప్పకు.

వినపడకపోయినా బతకొచ్చు, ఎవరికీ తెలియకుండా బతకొచ్చు. ఎవరి పెదాలు ఎప్పుడు కదులుతాయో చూసుకోవాలి, నలుగురు నవ్వినప్పుడు నవ్వాలి, గోడకి వీపు పెట్టి కూర్చోవాలి. నీ ఉత్తరాలు చదువుతుంటే నాకు ఆయన ఎందుకంత తొందరగా అర్థమయ్యాడో ఇప్పటికైనా నీకు తట్టి ఉండాలి.

రెండేళ్ళుగా నాకు సరిగా వినపడటం లేదు. ఎడమది బాగా తగ్గింది, కుడిది దాని వెనకే వెళ్తోంది. ఫోన్లో గాలి హోరు లేదు. లైను శుభ్రంగానే ఉందని గడ్డం మనిషి అంటాడు. మీసాలు కత్తిరించుకోమని పోరింది సూపు కోసం కాదు, పెదాలు కనపడక. కొండమీద ఉద్యోగం అడిగి మరీ వేయించుకున్నాను. ఇక్కడ మనిషి ఒక్కడే, కొలతలు కంటితో చూసేవి. మీ అన్నయ్యకి తెలియదు. తెలిస్తే ఆయన జాలిపడతారు. గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి మాట్లాడతారు. అది నాకొద్దు.

నేను నెట్టుకొస్తున్నాను కదా. ఆయనా నెట్టుకొస్తాడు. కాలు నొక్కు, ఆయన్ని నీకిచ్చేసినట్టు కాగితం రాయించుకో, నోరు మూసుకో.

ఈ ఉత్తరం చింపెయ్యి.

వదిన


మూడో అంతస్తు, వంటింటి బల్ల
కోపంగా

వదినా,

చింపలేదు. మొదటిసారి చదివి ఏడ్చాను, రెండోసారి చదివి తిట్టాను. పెద్దాయన పక్కనే ఉన్నారు గానీ ఆయనకి వినపడదు గనక ఎంత తిట్టానో నీకు చెప్పేవాళ్ళు లేరు.

ఇన్నాళ్ళూ పండక్కీ పబ్బానికీ నేను వాగుతూ ఉంటే నువ్వు నవ్వుతూ ఉండటం నా జోకులు బాగుండి కాదన్నమాట. ముందు నా గొంతు పోయింది, ఇప్పుడు జోకులూ పోయాయి. నాకేం మిగిల్చారు మీరిద్దరూ?

షెల్టర్‌కి చెప్పేశాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే. ఎందుకంటావా? నా పక్క సీట్లో కూర్చునే ప్రతివాళ్ళకీ మొదటిరోజే ఒక మాట చెబుతాను. ఏ అద్దంలోనూ కనపడని చోటు ప్రతి బండికీ ఒకటుంటుంది. అది ఉందని తెలిసినవాడు తల తిప్పి చూసుకుంటాడు. లేదనుకున్నవాడు గుద్దేస్తాడు. ఆ రోజు మైదానంలో డాక్టరమ్మకి ఆయన సంగతి ముందే చెప్పి ఉన్నాను గనక, పిలవకుండా పరిగెత్తింది. తెలియని మిగతావాళ్ళందరూ నాతోపాటు నిలబడి పిలిచారు. నెట్టుకురావడం అంటే ఏ రోజూ వెనక నుంచి వ్యాను రాకపోవడం, అంతే వదినా.

ఇన్‌చార్జి ఆవిడ పెద్దాయన పాత కాగితాలు తీసి చూసింది. తర్వాత, "ఈ సంగతి పట్టుకోలేకపోయింది మేమే. రెండిళ్ళ వాళ్ళు మొండి అంటే మేమూ మొండి అని రాసుకున్నాం" అంది. అక్కడితో వదల్లేదు. "మీ కాలు ఒక్కటే తెలిసిన కుక్కని మీ ఒక్కరికే ఎలా ఇస్తాను? మీకు జ్వరమొస్తే? ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరి కాలికి కూడా ఆగాలి. నేనొచ్చిన రోజు చూపించండి. లేకపోతే తీసుకెళ్తాను" అంది.

డాక్టరమ్మకి క్లినిక్కు. అన్నయ్య కాళ్ళు నేల మీద ఉంటే కదా. నువ్వు రా. సెలవు పెట్టి దిగు. నీకన్నా బాగా ఆయన్ని చదివినవాళ్ళు ఎవరూ లేరు.

నీ చెవుల సంగతి అన్నయ్యకి నేను చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట. కానీ చెప్పు.

నీ మరదలు


కొండమీద
జీపు వెళ్ళిపోతోంది, తొందరగా

మరదలా,

నన్ను అన్నేసి మాటలు అనే హక్కు నీకెవరిచ్చారు? నేనే ఇచ్చాను, తప్పు నాదే.

వచ్చేవారం జీపులో దిగుతున్నాను. గడ్డం మనిషికి చెప్పాను. అతను, "వచ్చిన నెలలోనే తెలిసింది. మీరు చెప్పేదాకా ఊరుకున్నాను. ఫోన్ నేనెందుకు తీస్తున్నాననుకున్నారు?" అన్నాడు. రహస్యం దాస్తున్నానని నేను, దాన్ని కాపాడుతున్నానని అతను. ఇంతకాలం ఇద్దరం కష్టపడ్డాం.

మీ అన్నయ్యకి ఇదే జీపులో వేరే ఉత్తరం వేశాను. మూడుసార్లు రాసి చింపాను. నాలుగోది పంపాను. ఏమంటారో.

వదిన


మూడో అంతస్తు
పెద్దాయన నిద్రపోయాక

వదినా,

నువ్వు రాలేదు.

కొండ విరిగిపడి ఘాట్ రోడ్డు మూసేశారని పొద్దునే రేడియోలో విన్నాను. నీకేం కాలేదని అన్నయ్య మీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. కానీ ఇన్‌చార్జి ఆవిడ వచ్చే రోజు అదే.

చెప్పిన వేళకి వచ్చింది. మ్యాట్లు చూసింది, మాత్రల డబ్బా చూసింది, నీళ్ళ గిన్నె చూసింది.

"ఆ ఇంకొకరు ఎక్కడ?"

"దారిలో చిక్కుకుపోయిందండీ, మా వదిన. ఇంకో వారం గడువిస్తే..."

"వారం వారం నేను రాలేనమ్మా. అవతల షెల్టర్ నిండా కుక్కలున్నాయి."

"నేనున్నానండీ" అని ఒక గొంతు. చూస్తే అన్నయ్య. ఎప్పటిలాగే కుర్చీలో, రెండు కాళ్ళూ పైన. చొక్కా జేబులో నీ ఉత్తరం కవరు చివర కనపడుతోంది.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. కిందికి చూడటానికి ఏమీ లేదు. "మీరా? మీ కాళ్ళు ఎక్కడున్నాయండీ?"

"దించుతాను. కాస్త ఓపిక పట్టండి."

ఆవిడ ఓపిక పట్టలేదు. నన్ను గట్టు వెనక్కి పొమ్మని, వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది. పెద్దాయన లేచారు. తలుపు తెరిస్తే కారు అని ఆయనకి తెలుసు. మ్యాట్ల మీద బయల్దేరారు. గడప అవతల ఎడమవైపు లిఫ్టు, కుడివైపు మెట్లు. నేను గట్టు వెనక నిలబడి నేల పగిలేలా కాలు నొక్కుతున్నాను, ఎవరికి కనపడుతుంది? ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడు అన్నయ్య దూకాడు వదినా. కుర్చీలోంచి, చెప్పుల్లేకుండా. పెద్దాయనని దాటి పరిగెత్తి, గడపలో ఆయనకి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన మూతికీ అన్నయ్య మోకాలికీ జానెడు దూరం. కుడికాలు ఎత్తి మ్యాటు మీద వేశాడు.

పెద్దాయన ఆగారు.

ఆగి, అన్నయ్యని కిందనుంచి పైదాకా చూసి, నెమ్మదిగా వెనకకాళ్ళు మడిచి కూర్చుని, ఆ కాలి మీద గడ్డం పెట్టారు.

"ఇప్పుడు... ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు అన్నయ్య, పెదాలు కదపకుండా.

"ఏమీ చెయ్యకండి" అంది ఆవిడ. తలుపు వేసొచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నారు?"

"ఇవ్వాళ పొద్దున్నుంచండీ. మా ఆవిడ ఉత్తరం రాసింది. ఈ విద్య మా ఇంట్లో కూడా కావాలి."

ఆవిడకి అర్థమైందో లేదో తెలియదు, అడగలేదు. రోడ్డు మీద తాడు లేకుండా వదలకూడదు, మైదానంలో కింద పడుకోనివ్వకూడదు, మెట్ల దగ్గర అడ్డుతలుపు పెట్టించాలి అని వరసగా చెప్పి, కాగితం మీద నా పేరు రాసింది. కింద ఇంకో గీత ఉంది, రెండో మనిషి పేరుకి. అన్నయ్య అక్కడ నిలబడే, గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టాడు. కూర్చోవచ్చు కదా అన్నాను. కాలు తీస్తే ఆయన లేస్తారట.

నువ్వేమీ అనుకోనంటే ఒకటి చెబుతాను. అన్నయ్య గట్టిగా మాట్లాడటం సాధన చెయ్యడం లేదు. అద్దం ముందు నిలబడి పెదాలు కనపడేలా మాట్లాడటం సాధన చేస్తున్నాడు. షాపుకొచ్చిన వాళ్ళు ఏమనుకుంటున్నారో భగవంతుడికే తెలియాలి.

నీ మరదలు


కొండమీద, వాతావరణ కేంద్రం
ఆకాశం నిర్మలం

మరదలా,

సెలవు అయిపోయి పైకొచ్చాక ఇదే మొదటి ఉత్తరం. రోడ్డు తెరిచాక వచ్చి మీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నోటితోనే పోట్లాడుకున్నాం గనక రాయడానికేమీ మిగల్లేదు. మిగిలింది రాస్తున్నాను.

అక్కడ తీసుకున్న చెవి మిషను పెట్టుకునే జీపెక్కాను. జీపు ఇంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. ఇక్కడి గోడగడియారం కొట్టుకుంటుందట! గడ్డం మనిషి పని చేస్తూ కూనిరాగాలు తీస్తాడట, శ్రుతి లేదు. మొదటిరోజు తీసి సొరుగులో పెట్టేశాను. రెండోరోజు మళ్ళీ పెట్టుకున్నాను. అన్నీ వినపడవు. ఎడమవైపు ఇంకా మబ్బుగానే ఉంది. అయినా గడ్డం మనిషి మీసాలు కత్తిరించుకుని కూర్చున్నాడు, చెప్పకుండానే.

పెద్దాయన నన్ను చూసిన చూపు గుర్తుంది. గుమ్మంలోకి రాగానే ముందు నా కాళ్ళ వంక చూశాడు, తర్వాత నేను ఆయన చెవుల వంక చూశాను. పరిచయం అయిపోయింది. మీ అన్నయ్య ఇప్పుడు నాతో ఏదైనా చెప్పాలంటే ముందు కంటికి కనపడేలా కాలితో నేల తడతారు. నేనూ తల తిప్పుతాను, పెద్దాయనా తల తిప్పుతాడు. "నేను పిలిచింది మా ఆవిణ్ణి" అంటారు. ఆ ముక్క పెద్దాయనకి ఎవరు చెబుతారు? ఇద్దరం వెళ్తాం.

డాక్టరమ్మ టెస్టు పాసైందని రాశావు. సంతోషం. కానీ వెనక సీట్లో ఆయన లేకుండా నడపగలదా అన్నది చూడాలి.

ఇంకో మాట. దీనికి జవాబు రాయకు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, ఇక్కడి ఫోన్ నేనే తీస్తాను. నీ మామూలు గొంతుతోనే మాట్లాడు, నెమ్మదిగా. ఈసారి గాలి హోరని చెప్పను. వినపడకపోతే వినపడలేదనే చెబుతాను.

వదిన